గూడెప్పాడ్ దాటినంక

మాట పోయింది.
మనిషి ఉన్నడు, దవాఖాన మంచం మీద,
కుడిచెయ్యి ఎవరిదో తెచ్చి పక్కన వెట్టినట్టు.
ఇరవై ఎనిమిదేండ్లు ములుగు బండి మీద కండక్టరు,
ఇయ్యాల మంచినీళ్ళు అడగరాదు.

తిట్లు మాత్రం పోలే.
నర్సు సూది గుచ్చితే ఒక పచ్చి బూతు
కడిగిన గిలాసంత సాఫుగ వచ్చింది.
దాని ఎనుక "రైట్ రైట్".
అన్నం తింటవా? రైట్ రైట్.
నేనెవరో ఎర్కనా? రైట్ రైట్.
బయటికి పోయి మందుల షాపు కాడ నిలవడ్డ.
నవ్విన్నో ఏడ్చిన్నో, నాకే తెల్వది.

మంగళవారం మంగళవారం వార్డుకు ఒకామె వచ్చేది,
మండిబజార్ల పిల్లలకు హార్మోనియం నేర్పే అంజుమ్.
పెట్టె దించి, చున్నీతోని మెట్లు తుడిచి
నన్ను అడిగింది: "ఈయన ఇంతకుముందు పాడేదా?"
పాటనా? మా పెండ్లిల సుత నోరు తెరువలే.
"మరి డ్యూటీల ఏమని ఒర్రేది?"

అది నాకు తెల్వదా.
నిద్రల గూడ స్టాపులు పిలిచేటోడు.
వార్డుల అందరి ముంగట సిగ్గువడుకుంట
ఆయన తీరుగనే ముక్కుల నుంచి తీసిన:
"ఆరెపల్లీ... ఓగ్లాపూరూ..."
ఆమె వేలు ఆ గొంతును దేవులాడుకుంట పోయింది.
రెండే మెట్లు, ఒకటి మీదికి, ఒకటి కిందికి.
మూడోసారికి నాకు దగ్గొచ్చి ఆగిన.
గోడ దిక్కు నుంచి వచ్చింది:
"గూడెప్పాడూ... గూడెప్పాడ్...
దిగేటోళ్ళు ముంగటికి రాండ్రి!"

పక్క మంచం ముసలామె లేచి కూసున్నది,
తను దిగాల్నేమో అనుకొని.

అంజుమ్ అన్నది, మాటలుండే అర్ర కూలింది గని
రాగముండే అర్ర వేరే, అది నిలవడే ఉన్నది,
ఆ దర్వాజల నుంచి ఒక్కొక్క మాట తెచ్చుకుందామని.
నాకు సగం సమజైంది. సగం చాలు.

అట్ల వచ్చింది హార్మోనియం మా ఇంటికి,
నెలకు మూడొందల కిరాయికి, ఒక మెట్టు పలకనిది.
ఆయన ఎడమచెయ్యి తిత్తి మీద,
నా వేళ్ళు మెట్ల మీద.
ఆయనది గాలి, నాది వేలు.
ముప్పై ఏండ్ల కాపురంల
ఇద్దరం కూసోని ఒక్క పని జేసింది గిదే.

"నీళ్ళు" అంటే రాదు.
స్టాపు తీరుగ సాగదీస్తే వస్తది: "మంచినీళ్ళూ..."
కిరాణం కాడ "పావుకిలో ఉల్లిగడ్డా" అని పాడితే
పోరగాండ్లు నవ్విండ్రు.
ఆయన సుత నవ్విండు, ఒక దిక్కు పెదవితోని.
నాకేమో, నాలుగు నెలల నుంచి రెప్ప వడని నాకు,
స రి గ లు తప్పుగ వాయించి వాయించి
పెట్టె మీదనే తలవెట్టి నిద్ర వట్టింది.
ఆ నిద్రకు ఏ డాక్టరు చీటీ రాయలే.

ఇగ నా పేరు.
మాట ఉన్ననాడు పిలిచిండా? ఏయ్, ఓయ్, ఇగో.
అంజుమ్ దాన్ని వేళ్ళ మీద లెక్కవెట్టి,
"మల్లంపల్లి, ఉప్పలమ్మ. కొలత సరిపోయింది చూడు,
ఇద్దర్ని పక్కపక్కన కూసోవెడుదాం" అన్నది.
రోజూ పాడినం.
రోజూ మల్లంపల్లి కాడ బండి ఆగిపోయేది.

నిన్న మాపటీలి, కరెంటు పోయి చీకట్ల,
"ఆత్మకూరూ... మల్లంపల్లీ..."
తిత్తి ఒకసారి ఊపిరి వట్టింది.
"ఉప్పలమ్మా..."
ఆగలే. "జాకారం... ములుగూ..." అనుకుంట పోయిండు,
ఎప్పటి నుంచో ఆ తొవ్వల ఆ ఊరు ఉన్నట్టే.

నా వేలు పలకని మెట్టు మీద వడ్డది.
రేపు మళ్ళ ఆ స్టాపు రాకపోవచ్చు.
కుడిచెయ్యి ఇంకా పక్కన వెట్టినట్టే ఉన్నది.
ఆయన నా దిక్కు సూసిండు, తిత్తి పట్టుకొని, ఏమన్న అంటనా అని.
రైట్ రైట్, అన్న.